శాటిలైట్ టీవీ కనెక్షన్: ఏది తీసుకోవాలి, కాగితంలో ఏం చూడాలి

శాటిలైట్ టీవీ కనెక్షన్ తీసుకునేవాళ్లు మామూలుగా రెండు విషయాలు పోల్చుకుంటారు: ఎన్ని ఛానెళ్లు వస్తాయి, నెలకు ఎంత పడుతుంది. ప్రకటనలో పెద్దక్షరాల్లో ఉండేవి అవే కాబట్టి పోల్చడం తేలిక. తీరా ఏడాదో రెండేళ్లో గడిచాక జనం తిట్టుకునే సంగతులు వేరే ఉంటాయి. డిస్కౌంటు అయిపోయి బిల్లు పెరిగింది, చూసుకోలేదు. ఇల్లు మారితే కొత్త ఇంట్లో డిష్‌కు చోటు దొరకలేదు, కాంట్రాక్టు మాత్రం వదల్లేదు. వాపసు ఇచ్చేసిన బాక్సుకు మళ్లీ బిల్లు వచ్చింది. చినుకు పడితే బొమ్మ పోతోంది. వీటిలో ఒక్కటి కూడా ఛానెళ్ల పట్టికలో కనపడదు. అందుకని ఇక్కడ పోలిక మీ ఇంటి పైకప్పు దగ్గర మొదలవుతుంది, కనెక్షన్ వదిలేసే రోజు దగ్గర ఆగుతుంది. ఛానెళ్లు మధ్యలో ఎక్కడో వస్తాయి.

ముందు ఆకాశం, తర్వాత కంపెనీ

ఇళ్లకు టీవీ ప్రసారం చేసే ఉపగ్రహాలు భూమధ్యరేఖకు పైన సుమారు 35,786 కిలోమీటర్ల ఎత్తున, కింది నుంచి చూస్తే కదలకుండా ఒకేచోట నిలిచినట్టుండే కక్ష్యలో ఉంటాయి. అందుకే ఉత్తరార్ధగోళంలో డిష్‌లు దక్షిణం వైపు, దక్షిణార్ధగోళంలో ఉత్తరం వైపు మొహం పెట్టుకుని ఉంటాయి. అయితే అన్ని కంపెనీలవీ ఒకే ఉపగ్రహాలు కావు. ఒకరిది మీ ఇంటికి ఆగ్నేయంగా ఉండొచ్చు, ఇంకొకరిది నైరుతిగా. పక్కింటి అపార్ట్‌మెంటు ఒకదాన్ని పూర్తిగా మూసేసి రెండోదాన్ని వదిలేయొచ్చు. కాబట్టి రేట్లు చూడకముందే ప్రతి కంపెనీనీ ఒకటే అడగండి: మీ ఉపగ్రహం మా ఊరి నుంచి ఏ దిక్కున, ఎన్ని డిగ్రీల ఎత్తున కనిపిస్తుంది? ఫోన్ కెమెరాలో ఆకాశం మీద ఉపగ్రహం చోటు చూపించే యాప్‌లు ఉన్నాయి, వాటితో డిష్ పెట్టబోయే చోట నిలబడి చూసుకోవచ్చు.

అడ్డు ఎంత ఎత్తున్నా ఫర్వాలేదో ఈ లెక్కతో తేలుతుంది. డిష్‌కు 10 మీటర్ల దూరంలో గోడో చెట్టో ఉందనుకుందాం. ఉపగ్రహం 45 డిగ్రీల ఎత్తులో ఉంటే ఆ అడ్డు డిష్ కంటే 10 మీటర్లు పైకి ఉన్నా సరిగ్గా అంచు దగ్గర ఆగుతుంది. 30 డిగ్రీలైతే 5.7 మీటర్లు, 20 డిగ్రీలైతే 3.6 మీటర్లు దాటకూడదు. దూరం రెట్టింపయితే ఈ ఎత్తులూ రెట్టింపవుతాయి. సరిగ్గా అంచు దాకా తెచ్చుకోకుండా ఒక మీటరు వెసులుబాటు ఉంచుకోండి.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. ఇళ్ల మీద కనిపించే చిన్న డిష్‌లు ఎక్కువగా ఆఫ్‌సెట్ రకం. అవి తమ మొహం చూపించే దిక్కు కంటే 20 నుంచి 25 డిగ్రీలు పైకి చూస్తాయి. నిటారుగా నిలబెట్టినట్టున్న డిష్ ఎదురుగోడ వైపు చూస్తోందనిపిస్తుంది కానీ, దాని చూపు ఆ గోడ మీదుగా పోతుంది. కాబట్టి డిష్ వాలు చూసి ఇక్కడ కుదరదని మీకు మీరే తేల్చేసుకోకండి.

చెట్టు సంగతి వేరు. ఆకులు, ముఖ్యంగా తడి ఆకులు, ఈ తరంగాలను బాగా మింగేస్తాయి. ఆకురాలే కాలంలో కొమ్మల సందుల్లోంచి సిగ్నల్ చక్కగా వస్తుంది, టెక్నీషియన్ మంచి రీడింగ్ చూపించి సంతకం పెట్టించుకుంటాడు. చిగుర్లు తొడిగాక పోతుంది. కాంట్రాక్టు 24 నెలలదైతే కొమ్మలకు పెరగడానికి రెండు చిగురు కాలాలు దొరుకుతాయి. ఈరోజు కొమ్మ అంచును రాసుకుంటూ పోయే దారిని ఒప్పుకోవద్దు.

అద్దె ఇల్లయితే కాగితం ముందు ఓనరు దగ్గర మొదలవుతుంది. అమెరికాలో ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ 1996లో తెచ్చి 1999లో అద్దె ఇళ్లకూ విస్తరించిన నిబంధన ప్రకారం, అద్దెకున్నవాళ్లు తమ ఒక్కరి వాడకంలో ఉన్న బాల్కనీలోనో పెరట్లోనో ఒక మీటరు లోపు డిష్ పెట్టుకుంటే, భద్రత వంటి కారణాలు ఉంటే తప్ప, ఓనరు కాదనకూడదు. అందరూ వాడుకునే పైకప్పుకు, బయటి గోడకు అది వర్తించదు. మీరున్న చోట ఇలాంటి రక్షణ ఉందో లేదో తేలకపోతే, కంపెనీ కాగితం మీద సంతకం పెట్టేముందే ఓనరు నుంచి రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకోండి. క్రమం తారుమారైతే డిష్ బిగించడానికి చోటుండదు, కట్టాల్సిన ఫీజు మాత్రం ఉంటుంది.

వాన గురించి సూటిగా

ఇంటి డిష్‌లు ఎక్కువగా పనిచేసే కేయూ బ్యాండ్ 10.7 నుంచి 12.75 గిగాహెర్ట్జ్ మధ్య ఉంటుంది. ఆ తరంగం పొడవు రెండున్నర సెంటీమీటర్ల చుట్టుపక్కల. కుండపోత వాన ఈ తరంగాలను పీల్చేస్తుంది, చెదరగొడుతుంది. అంతకంటే పైనున్న కేఏ బ్యాండ్‌కు దెబ్బ ఇంకా ఎక్కువ. కేయూ కంటే కిందనున్న సీ బ్యాండ్‌కు వాన దాదాపు పట్టదు, కాకపోతే దానికి మనిషి ఎత్తును మించిన డిష్ కావాలి. మా కనెక్షన్‌కు వానతో పనే లేదని ఏ సేల్స్‌మన్ చెప్పినా నమ్మనక్కర్లేదు.

తేడా తెచ్చేవి రెండే: డిష్ సైజు, బిగింపులో కచ్చితత్వం. 60 సెంటీమీటర్ల డిష్ తీసి 90 సెంటీమీటర్లది పెడితే సిగ్నల్ పట్టే వైశాల్యం 2.25 రెట్లవుతుంది. అంటే మూడున్నర డెసిబెల్స్ అదనపు బలం. భారీ వానల ప్రాంతమైతే కనెక్షన్ తీసుకునేటప్పుడే పెద్ద డిష్ ఉందా, దానికి అదనంగా ఎంత అని అడగండి. కొన్ని కంపెనీలు ఇస్తాయి గానీ అడగందే చెప్పవు.

గట్టి వానకు కాసేపు పోయి వానతోపాటే తిరిగొచ్చిందంటే కనెక్షన్ బాగున్నట్టే. చిన్న జల్లుకే పోతే మాత్రం వానను తిట్టుకోవద్దు, డిష్ గురి తప్పింది. 60 సెంటీమీటర్ల డిష్ చూపు వెడల్పు మూడు డిగ్రీల లోపే. ఒకటిన్నర డిగ్రీ పక్కకు జరిగితే సిగ్నల్ సగానికి పడిపోతుంది. ఎండ కాస్తున్నంతసేపూ ఆ సగంతో బొమ్మ బాగానే వస్తుంది, అందుకే తప్పు బయటపడదు. ఏటా మార్చిలోనూ, సెప్టెంబరు–అక్టోబరులోనూ కొన్ని రోజులపాటు పగటిపూట కొద్ది నిమిషాలు బొమ్మ పోతుంటే అది సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనక్కి వచ్చినందువల్ల. అది ఏ కంపెనీకీ తప్పదు. దానికోసం కంపెనీ మారడం దండగ.

ఎన్ని గదుల్లో టీవీ

ఇది ముందే చెప్పకపోతే తర్వాత ఖర్చు తడిసి మోపెడవుతుంది. డిష్ ముందుండి సిగ్నల్‌ను పట్టి కేబుల్లోకి పంపే ఎల్‌ఎన్‌బీకి బాక్సు కేబుల్ గుండానే ఆదేశాలు పంపుతుంది. 13 వోల్టులిస్తే ఒక తరహా సిగ్నల్, 18 వోల్టులిస్తే రెండో తరహా. 22 కిలోహెర్ట్జ్ టోన్ ఉంటే పై బ్యాండు, లేకపోతే కింది బ్యాండు. అందువల్ల ఒకే కేబుల్‌ను మామూలు స్ప్లిట్టర్‌తో చీల్చి రెండు బాక్సులకు ఇస్తే, హాల్లో ఛానెల్ మార్చగానే పడగ్గదిలో బొమ్మ పోతుంది. రెండు బాక్సులు చెరో ఆదేశం ఇస్తుంటే ఎల్‌ఎన్‌బీ ఒక్కదాన్నే వినగలదు. రెండు టీవీలకు ట్విన్, నాలుగింటికి క్వాడ్ ఎల్‌ఎన్‌బీ, ఒక్కో బాక్సుకు ఒక్కో విడి కేబుల్ కావాలి. ఒక ఛానెల్ చూస్తూ ఇంకోటి రికార్డు చేసే బాక్సుకు రెండు ట్యూనర్లుంటాయి, పాత పద్ధతిలో దానికొక్కదానికే రెండు కేబుళ్లు పోతాయి. కొత్తగా వచ్చిన ఒకే కేబుల్ వ్యవస్థలు ఈ తలనొప్పిని తగ్గిస్తాయి, కానీ ఎల్‌ఎన్‌బీ, బాక్సు రెండూ దానికి తగ్గవి అయ్యుండాలి.

మొదట్లో ఒకటే టీవీ ఉన్నా క్వాడ్ ఎల్‌ఎన్‌బీ వేయించుకోవడం మంచిది. తేడా కొద్దిగానే ఉంటుంది. తర్వాత రెండో బాక్సు అడిగితే మళ్లీ టెక్నీషియన్ ఛార్జీ, పైగా దాని వెనక ఇంకో చిక్కుంది. అది కాగితం దగ్గర చెప్పుకుందాం.

ఏ రకం ఎవరికి

మార్కెట్లో ఉన్నవన్నీ నాలుగు రకాల కిందికి వస్తాయి.

నెలసరి రుసుము లేకుండా లాక్ చేయని ఛానెళ్లు చూసే ఉచిత శాటిలైట్ మొదటిది. భారత్‌లో 2004 డిసెంబరులో వేరే పేరుతో మొదలైన డీడీ ఫ్రీ డిష్, బ్రిటన్‌లో 2008లో వచ్చిన ఫ్రీశాట్ ఇలాంటివే. జర్మనీలో ఏఆర్‌డీ, జెడ్‌డీఎఫ్ ఛానెళ్లు ఆస్ట్రా ఉపగ్రహం నుంచి లాక్ లేకుండానే దిగుతాయి. డిష్, బాక్సు ఒక్కసారి కొంటే చాలు. వార్తలు, పాత సినిమాలు, కొన్ని సీరియళ్లతో సరిపెట్టుకునే ఇంటికి ఇంతకు మించింది అక్కర్లేదు. దీని సంగతి ఏ కంపెనీ సేల్స్‌మనూ మీకు చెప్పడు కాబట్టి ముందుగా ఇక్కడ చెప్తున్నాం.

రెండోది ప్రీపెయిడ్. బాక్సు కొనుక్కుంటారు, రీచార్జ్ చేసుకుంటారు, ఆపేస్తే ఆగిపోతుంది. భారత్‌లో డీటీహెచ్ ప్రధానంగా ఈ పద్ధతిదే. అక్కడ 2019 ఫిబ్రవరి నుంచి అమల్లోకి వచ్చిన నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనలతో ఛానెళ్లను విడివిడిగా ఎంచుకునే వీలు కూడా వచ్చింది. కాంట్రాక్టు లేదన్న మాటేగానీ కట్టు పూర్తిగా లేదనుకోకండి. ఒక కంపెనీ బాక్సు మరో కంపెనీ లాక్‌ను తెరవదు. మారాలంటే బాక్సు మీద పెట్టిన డబ్బు వదులుకోవాల్సిందే. ఆరు నెలల, ఏడాది ప్యాకుల్లో డబ్బు ముందే కట్టి ఉంటారు కాబట్టి మధ్యలో వదిలేస్తే ఎంత తిరిగొస్తుందో కట్టేముందే అడగాలి.

మూడోది గడువు కాంట్రాక్టు. 12, 18, 24 నెలలు. బాక్సు కంపెనీదే, బిగింపు ఉచితం, మొదట్లో రేటు తక్కువ. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం దీని గురించే, ఎందుకంటే లెక్క తప్పేది ఎక్కువగా ఇక్కడే.

నాలుగోది డిష్ అక్కర్లేని ఇంటర్నెట్ టీవీ. బ్రాడ్‌బ్యాండ్ గట్టిగా ఉన్న ఇంట్లో దీన్ని పక్కన పెట్టి లెక్కచూడకుండా రెండేళ్ల శాటిలైట్ కాంట్రాక్టు మీద సంతకం పెట్టొద్దు. శాటిలైట్‌కు మిగిలిన బలాలు: ఎంతమంది ఒకేసారి చూసినా బొమ్మ తగ్గదు, డేటా ఖర్చు కాదు, ప్రత్యక్ష ప్రసారం మామూలుగా స్ట్రీమింగ్ కంటే ముందే వస్తుంది. పక్కింటివాళ్లు గోల్ పడిందని అరిచాక మీ తెరమీద బంతి ఇంకా మైదానం మధ్యలో ఉండటం మీకు చిరాకైతే శాటిలైటే తీసుకోండి.

లెక్క ఎలా వేయాలి

ఒక ఉదాహరణ చూద్దాం. అంకెలు ఊహించినవే, ఏ కరెన్సీకైనా పెట్టుకోవచ్చు. మొదటి కంపెనీ 24 నెలల కాంట్రాక్టు. మొదటి ఏడాది నెలకు 60, రెండో ఏడాది 95. రెండు బాక్సులకు అద్దె నెలకు 20. బిగింపు ఉచితం. మధ్యలో మానేస్తే మిగిలిన ప్రతి నెలకూ 15 చొప్పున కట్టాలి. రెండో కంపెనీకి కాంట్రాక్టు లేదు. నెలకు 85, రెండు బాక్సులు, బిగింపు కలిపి మొదట్లో 280.

24 నెలలకు మొదటిది 720, 1140, అద్దె 480, మొత్తం 2340. రెండోది 2040కి 280 కలిపి 2320. ప్రకటనలో 60కి, 85కి కనిపించిన తేడా రెండేళ్లకు ఆవిరైపోయింది.

ఇప్పుడు 12వ నెల చివర చూడండి. మొదటిదానికి అప్పటికి 960 కట్టారు. అక్కడే వదిలేస్తే 12 నెలల జరిమానా 180, వెరసి 1140. రెండోదానికి అదే రోజుకు 1300 అయ్యుంటుంది. అంటే జరిమానా కట్టి బయటపడ్డా కాంట్రాక్టే చవక. చాలామంది జరిమానా పేరు వినగానే బెదిరిపోయి అసలు లెక్కే వేయరు.

36వ నెల దగ్గర బొమ్మ తిరగబడుతుంది. కాంట్రాక్టు ముగిసినా అలాగే కొనసాగితే మొదటిదానికి నెలకు 115 చొప్పున ఇంకో 1380 పడి మొత్తం 3720 అవుతుంది. రెండోదానికి 3340. డబ్బు కారిపోయేది ఈ మూడో ఏడాదిలో. ఎవరూ నిలదీయరు, కంపెనీ ఫోన్ చేయదు, బిల్లు ఆటోపేలో పోతూనే ఉంటుంది. అందుకే ఏ కంపెనీనైనా ఒక్క నెల రేటుతో కాకుండా 12, 24, 36 నెలల దగ్గర ఆగి మొత్తాలు కూడి పోల్చాలి. డిస్కౌంటు ముగిసే తేదీ, కాంట్రాక్టు ముగిసే తేదీ రెండూ ఫోన్ క్యాలెండర్లో నెల ముందుకే గుర్తు పెట్టుకోండి. బ్రిటన్‌లో 2020 ఫిబ్రవరి నుంచి నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ నిబంధన ప్రకారం కాంట్రాక్టు ముగియడానికి 10 నుంచి 40 రోజుల ముందు కంపెనీలే కస్టమర్లకు తెలియజేయాలి. అలాంటి నిబంధన లేనిచోట ఆ పని మీదే.

సంతకం ముందు కాగితంలో చదవాల్సినవి

డిస్కౌంటు గడువు, కాంట్రాక్టు గడువు ఒకటేనా? కాకపోవడమే ఎక్కువ. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2015లో అక్కడి శాటిలైట్ టీవీ కంపెనీ డైరెక్‌టీవీ మీద వేసిన కేసులో ప్రధాన ఆరోపణ ఇదే: మొదటి ఏడాది రేటును పెద్దగా చూపించి, కాంట్రాక్టు రెండేళ్లదనీ రెండో ఏడాది రేటు పెరుగుతుందనీ ప్రకటనల్లో సరిగా చెప్పలేదని. 2018లో కోర్టు కమిషన్ ఆరోపణల్లో చాలావాటిని ఒప్పుకోలేదు. అంటే చిన్న అక్షరాల్లో ఉన్నది చదువుకునే బరువు చివరికి కొనేవాడి మీదే పడుతుందని అనుకునే నడుచుకోవాలి.

రేటు పెరగదని హామీ ఇస్తే, దేనికి అని అడగండి. సాధారణంగా అది మూల ప్యాకుకే. బాక్సు అద్దె, క్రీడల అదనపు రుసుము, పన్నులు దాని కిందికి రావు. మొత్తం బిల్లు ఎంతో 1వ నెలకు, 13వ నెలకు రాయించుకోండి.

ఛానెళ్లు మారితే మీరు బయటికి రావొచ్చా? దాదాపు ఏ కాంట్రాక్టూ ఒప్పుకోదు. ఛానెళ్ల జాబితా మార్చే హక్కు కంపెనీ తన దగ్గరే ఉంచుకుంటుంది. 2024 సెప్టెంబరులో డైరెక్‌టీవీకీ డిస్నీకీ రేట్ల దగ్గర చెడి, ఈఎస్‌పీఎన్ సహా డిస్నీ ఛానెళ్లు దాదాపు రెండు వారాలు ఆగిపోయాయి. సరిగ్గా అమెరికన్ ఫుట్‌బాల్ సీజన్ మొదలయ్యే రోజుల్లో. ఒకే ఒక్క ఛానెల్ కోసం కనెక్షన్ తీసుకుంటున్నట్లయితే పొడవాటి కాంట్రాక్టు తీసుకోకండి. ఛానెళ్లను పోల్చేటప్పుడు కూడా మొత్తం సంఖ్య చూడొద్దు. ఇంట్లో నిజంగా చూసే పదో పన్నెండో ఛానెళ్లు రాసుకుని, అవి ఏ ప్యాకులో ఉన్నాయి, హెచ్‌డీలో ఉన్నాయా లేదా అన్నదే చూడండి.

ఇందాక చెప్పిన చిక్కు ఇది: మధ్యలో రెండో బాక్సు తీసుకున్నా, రికార్డింగ్ బాక్సుకు మారినా కొన్ని కంపెనీలు గడువును మళ్లీ మొదటి నెల నుంచి లెక్కపెడతాయి. 20వ నెలలో ఉచితంగా అప్‌గ్రేడ్ చేస్తామని ఫోన్ వస్తే, దీంతో నా కాంట్రాక్టు తేదీ మారుతుందా అన్నదే మీ మొదటి ప్రశ్న కావాలి. మారదంటే ఆ మాట ఈమెయిల్లోనో మెసేజ్‌లోనో పంపమనండి. నోటిమాట నీటిమూట.

ఇల్లు మారితే ఏమవుతుందో వెతకండి. కొత్త ఇంట్లో డిష్‌కు ఆకాశం కనపడకపోతే జరిమానా లేకుండా వదులుతారా, లేదా? కొందరు సర్వే చేసి కుదరదని తేలితే వదిలేస్తారు, కొందరు అదంతా మీ సమస్య అంటారు. ఉద్యోగరీత్యా తరచూ మారేవాళ్లకు ఈ ఒక్క షరతు మిగతా అన్నిటికన్నా విలువైనది. ఊరెళ్లినప్పుడు కొన్ని నెలలు ఆపి ఉంచే వీలుంటే, ఆ నెలలను కాంట్రాక్టు చివర కలుపుతారా అన్నదీ చూడండి. ఎక్కువగా కలుపుతారు.

మొదటి మూడు నెలలు ఉచితమంటూ ఇచ్చే సినిమా ప్యాకులు నాలుగో నెల నుంచి వాటంతటవే బిల్లులోకి ఎక్కుతాయి. తీసుకున్న రోజే ఆపే తేదీ రాసిపెట్టుకోండి.

మనసు మార్చుకునే గడువు ఎంత? ఐరోపా సమాఖ్య దేశాల్లో ఫోన్ మీదో ఆన్‌లైన్లోనో చేసుకున్న ఒప్పందాన్ని 14 రోజుల్లోపు కారణం చెప్పకుండా రద్దు చేసుకోవచ్చు. ఆ లోపే సేవ మొదలుపెట్టమని మీరే కోరి ఉంటే వాడుకున్న రోజులకు మాత్రం కట్టాలి. అమెరికాలో 2019 నాటి చట్టం ప్రకారం అన్ని ఛార్జీలూ కలిపి మొత్తం ఎంతో తెలిపే కాగితం కంపెనీ పంపినప్పటి నుంచి 24 గంటల్లో జరిమానా లేకుండా వద్దనొచ్చు. ఒక్క రోజే. అందుకే అది రాగానే చదవాలి, పక్కన పెట్టకూడదు.

బిగించే రోజు

టెక్నీషియన్ వెళ్లిపోయాక పట్టుకోవడం కష్టం, ఉన్నప్పుడే నాలుగు చూడండి. డిష్ నిలిచే గొట్టం అన్ని వైపులా నిట్టనిలువుగా ఉండాలి, స్పిరిట్ లెవెల్ పెట్టి చూపించమనండి. అది వంకరగా ఉంటే పక్కకు తిప్పినప్పుడు ఎత్తు కూడా మారిపోయి గురి ఎప్పటికీ కుదరదు. ఊగే రెయిలింగు, ప్లాస్టిక్ ట్యాంకు స్టాండు మీద బిగించనివ్వకండి. పైన చెప్పిన ఒకటిన్నర డిగ్రీ గుర్తుంది కదా, ఈదురుగాలికి అంత కదలిక చాలా మామూలు.

కేబుల్ 75 ఓమ్‌ల ఆర్‌జీ 6 అయ్యుండాలి. గోడలో రంధ్రం బయటివైపుకు కాస్త వాలుగా పడాలి, కేబుల్ లోపలికొచ్చే ముందు కిందికి ఒక వంపు తిరగాలి. అప్పుడు నీళ్లు ఆ వంపు దగ్గరే కారిపోతాయి. ఎల్‌ఎన్‌బీ దగ్గరి కనెక్టరుకు రబ్బరు తొడుగు లేకపోతే కొన్నాళ్లకు నీరు దిగి లోపలి తీగ పచ్చబారుతుంది. కనెక్టర్‌లో పై అల్లిక పోగు ఒక్కటి మధ్య తీగకు తగిలినా ఆ లైన్ చచ్చిపోతుంది. ఎర్తింగ్ చేశారో లేదో చూడండి.

చివరగా బాక్సు మెనూలో సిగ్నల్ పేజీ తెరిపించండి. అక్కడ రెండు అంకెలుంటాయి. స్ట్రెంత్ అంటే కేబుల్లో ఎంత శక్తి వస్తోందన్నది, అందులో రొద కూడా ఉంటుంది. క్వాలిటీ అంటే అందులో ఎంత సమాచారం చెడకుండా అందుతోందన్నది. స్ట్రెంత్ 80, క్వాలిటీ సున్నా ఉంటే డిష్ ఎక్కడో ఖాళీ ఆకాశాన్నో వేరే ఉపగ్రహాన్నో చూస్తోంది. మీకు కావాల్సింది క్వాలిటీ. ఆ పేజీని ఫోటో తీసి పెట్టుకోండి. ఆర్నెల్ల తర్వాత ఫిర్యాదు చేసినప్పుడు మొదటి రోజు ఇంత ఉండేది, ఇప్పుడు ఇంతే ఉందని చూపించే ఆధారం అదొక్కటే. అన్ని గదుల్లో ఒకేసారి వేర్వేరు ఛానెళ్లు పెట్టి చూశాకే పని పూర్తయినట్టు సంతకం పెట్టండి.

మధ్యలో చెడితే

కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసేముందు తేదీ, సమయం, అప్పటి వాతావరణం, తెరమీద వచ్చిన ఎర్రర్ నంబరు, క్వాలిటీ అంకె రాసుకోండి. ఒక్క ఛానెలే పోతే అది ప్యాకు సమస్యో కంపెనీ సమస్యో. కొన్ని ఛానెళ్లు గుంపుగా పోయి మిగతావి వస్తుంటే ఎల్‌ఎన్‌బీనో, కేబుల్లో వోల్టేజి పడిపోవడమో అనుమానించాలి. ఒక గదిలోనే అన్నీ పోతే ఆ గది కేబుల్, ఇల్లంతా పోతే డిష్. ఈ మాత్రం చెప్పగలిగితే బాక్సు ఆపి ఆన్ చేయమనే పాట దాటి త్వరగా మనిషిని పంపుతారు. సేవ లేని రోజులకు బిల్లులో తగ్గింపు అడగండి. అడిగినవాళ్లకు ఇస్తారు, అడగనివాళ్లకు వాళ్లంతట వాళ్లు ఇవ్వడం అరుదు. ఫిర్యాదు నంబర్లన్నీ దాచుకోండి. ఒకే సమస్య మీద పదే పదే పెట్టిన ఫిర్యాదులు ఉంటే, సేవ సరిగా అందలేదన్న కారణం మీద జరిమానా లేకుండా వదలమని రాతపూర్వకంగా అడిగే బలం వస్తుంది.

వదిలేసేటప్పుడు

రద్దు చేయమని ఫోన్ చేస్తే మిమ్మల్ని ఆపడానికే కూర్చున్న విభాగానికి కలుపుతారు. మంచి డిస్కౌంట్లు ఇచ్చే అధికారం ఉండేది వాళ్ల దగ్గరే. ఉండిపోవాలనే ఉంటే ఇదే బేరమాడే చోటు. వాళ్లు ఇచ్చే కొత్త రేటుతో పాటు కొత్త గడువు తగిలిస్తున్నారేమో అడిగి తెలుసుకోండి. వెళ్లిపోవాలనే ఉంటే రద్దు తేదీ, నిర్ధారణ నంబరు తీసుకుని అదే రోజు ఈమెయిల్ కూడా పంపండి. ఎన్ని రోజుల ముందు చెప్పాలో కాగితంలో ఉంటుంది. బిల్లు తేదీకి ఒక రోజు తర్వాత చెబితే ఇంకో నెల పడొచ్చు.

అద్దె బాక్సయితే బాక్సు, రిమోటు, స్మార్ట్ కార్డు, అడాప్టరు వాపసు ఇవ్వాలి. సీరియల్ నంబరు కనిపించేలా ఫోటో తీయండి, ట్రాకింగ్ ఉన్న పార్సెల్లోనే పంపండి, రసీదు ఏడాది దాకా పారేయకండి. వాపసు రాలేదని బాక్సు ఖరీదు బిల్లులో వేస్తే మిమ్మల్ని గట్టెక్కించేది ఆ కాగితమే. ఆఖరి బిల్లు తేలాక ఆటోపే తీసేసి, తర్వాతి రెండు నెలల కార్డు స్టేట్‌మెంట్లు ఓసారి చూడండి. పైకెక్కాల్సిన పని కాబట్టి డిష్‌ను చాలా కంపెనీలు వెనక్కి అడగవు. అలాంటప్పుడు డిష్‌నూ కేబుల్‌నూ పీకించేయకండి. మంచి ఆర్‌జీ 6 కేబుల్ కొత్త కంపెనీకీ పనికొస్తుంది. డిష్ సైజు సరిపోతే దాని గురి మార్చి, అవసరమైతే ఎల్‌ఎన్‌బీ మార్చి వాడుకోవచ్చు. కొత్త బిగింపు ఛార్జీలో అంతమేరకు తగ్గించమని అడగండి.